యూపీఎస్ బ్యాటరీని మీ చేతుల్తో మీరే మార్చుకోండి

కరెంటు పోయీపోగానే కంప్యూటరు కూడా ఆగిపోతోందని, దాన్ని కాసేపు నడపాల్సిన యూపీఎస్‌ను పెట్టెతో సహా పాత సామాన్ల బండికి వెయ్యబాకండి. ఒక్క అరగంట ఆగండి. లోపలున్న ట్రాన్స్‌ఫార్మరూ బోర్డూ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వాటికంటే ముందు అయిపోయేది బ్యాటరీ. దాన్ని మార్చేదానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. పొడుగాటి స్టార్ స్క్రూడ్రైవరు, నోస్ ప్లేయరు, ఫోనులో కెమెరా ఉంటే పని జరిగిపోతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటరు కూడా ఉంటే మరీ మంచిది.

నాది కావలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ అంగడి. ఒక ఏడాది ఎంట్రన్సు పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు సాయంత్రం, అల్లూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఫారం అంతా నింపించుకుని ఫోటో అప్‌లోడ్ చేయిస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క కూత కూసి ఆరిపోయింది. మళ్లీ కరెంటు వచ్చి, మొదటి నుంచీ నింపి, రసీదు చేతికొచ్చేదాకా ఆ పిల్లా వాళ్ల నాయనా కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నారు. ఆ యూపీఎస్ అంతకు రెండు వారాల ముందు నుంచే బీప్ బీప్‌మని చెబుతా ఉంది. నేనే పట్టించుకోలా. అప్పటి నుంచి మా అంగట్లో బ్యాటరీల సంగతి నేనే చూసుకుంటున్నాను. చుట్టుపక్కల అంగళ్లకూ మార్చి పెట్టాను. ఆ చేతి అనుభవమే ఇక్కడ చెబుతున్నాను.

ఒక మాట ముందే. ఇది కంప్యూటరు కింద పెట్టుకునే చిన్న యూపీఎస్ గురించి. ఇంట్లో ఫ్యాన్లు తిప్పే ఇన్వర్టరుకు ఉండే పెద్ద ట్యూబ్యులర్ బ్యాటరీ గురించి కాదు. దాంట్లో యాసిడ్ ద్రవంగా ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి, ఒక్క మనిషి ఎత్తలేడు. దానికి తెలిసినవాళ్లనే పిలవండి.

బ్యాటరీయే పోయిందని ఎలా తెలుస్తుంది

ముందు పదిహేను నిమిషాలు వచ్చే బ్యాకప్ రెండు నిమిషాలకు పడిపోవడం మొదటి గుర్తు. కరెంటు ఉన్నప్పుడే ఎర్ర లైటు వెలగడం, ఆగకుండా కూయడం రెండోది. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కరెంటు ఉన్నా ఆన్ కావు. అప్పుడే జనం పెట్టె కాలిపోయిందనుకుని కొత్తది కొంటారు.

రూఢి చేసుకునేదానికి ఇలా చెయ్యండి. యూపీఎస్‌ను రాత్రంతా ఛార్జింగులో ఉంచండి. పొద్దున కంప్యూటరు వైరు తీసేసి, దాని బదులు 60 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి తగిలించండి. ఇప్పుడు గోడ మీది స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకబాకండి, స్విచ్ మాత్రమే ఆపండి, ఎర్తు వైరు అలాగే ఉంటుంది. బాగున్న బ్యాటరీ అయితే ఆ బల్బును ఇరవై నిమిషాలకు పైనే లాగుతుంది. మూడు నాలుగు నిమిషాలకే ఆరిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే.

మల్టీమీటరు ఉన్నవాళ్లు బ్యాటరీని బయటికి తీసి, రెండు గంటలు ఊరకే ఉంచి, డీసీ 20 వోల్టుల మీద పెట్టి చూడొచ్చు. నిండా ఛార్జయిన బ్యాటరీ 12.8 నుంచి 13 వోల్టుల దాకా చూపిస్తుంది. రాత్రంతా ఛార్జి చేసినా 12కు దిగువన చూపిస్తే దానిమీద ఆశ వదులుకోండి. అయితే ఒక్క వోల్టేజీని నమ్మితే మోసపోతారు. ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.9 చూపించి, లోడు పడగానే 9కి జారిపోతుంది. కారు హెడ్‌లైటు బల్బు, 12 వోల్టులు 55 వాట్లది, తగిలించి చూస్తే నిజం బయటపడుతుంది. అది ఇంచుమించు 5 ఆంపియర్లు లాగుతుంది. రెండు మూడు నిమిషాల్లోనే 10.5 కిందికి పోతే ఇక మార్చాల్సిందే. బల్బు బాగా వేడెక్కుతుంది, పట్టుకోబాకండి.

ఎందుకు పోతుంది

మన పక్క బ్యాటరీని చంపేది ముఖ్యంగా ఎండ. చిన్న యూపీఎస్‌లలో ఉండేది ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ, అంటే మూత వేసి సీలు చేసిన సీసం, యాసిడ్ బ్యాటరీ. దాంట్లో యాసిడ్ కారిపోకుండా దూదిలాంటి గాజుపీచు మధ్యన పీల్చుకుని ఉంటుంది. కంపెనీ వాళ్లు చెప్పే మూడు నుంచి ఐదేళ్ల ఆయుష్షు 25 డిగ్రీల చల్లదనంలో లెక్క. దాని మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుంది. రోహిణి కార్తెలో కావలిలోనూ ఒంగోల్లోనూ బయట 42, 43 డిగ్రీలు మామూలే. రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించి పెట్టిన యూపీఎస్ లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. పైగా ట్రాన్స్‌ఫార్మరు వేడి కూడా అదే పెట్టెలో ఉంటుంది. అందుకే మనకు రెండు, రెండున్నర ఏళ్లకే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. ఇది ప్రతిసారీ కంపెనీ తప్పు కాదు.

వేడికి లోపలి నీరు కొద్దికొద్దిగా ఆవిరై పోతుంది, సీలు బ్యాటరీలో మళ్లీ పొయ్యడం కుదరదు. కొందరు పైన పట్టీ పీకి, రబ్బరు మూతలు తీసి, సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఎక్కిస్తారు. కొన్నాళ్లు లేచినట్టే ఉంటుంది, మళ్లీ పడుకుంటుంది. నా మాట విని ఆ పని చెయ్యబాకండి. సగం చచ్చిన బ్యాటరీని నమ్ముకుని కూర్చోవడం కంటే బ్యాటరీ లేదని తెలుసుకుని పని చేసుకోవడం మేలు.

కొనేటప్పుడు

పాతదాని మీద రాసున్నది చూడకుండా అంగడికి పోబాకండి. 600 వీఏ (యూపీఎస్ ఎంత లోడు మొయ్యగలదో చెప్పే అంకె) యూపీఎస్‌లో చాలావరకు 12 వోల్టులు 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒక్కటి ఉంటుంది. పొడవు 151, వెడల్పు 65, ఎత్తు 94 మిల్లీమీటర్లు. ఏ కంపెనీదైనా కొలత ఇదే, అందుకే అదే కంపెనీది దొరకలేదని బాధపడక్కర్లేదు. 1000 వీఏ పెట్టెల్లో సాధారణంగా రెండు ఉంటాయి. రెంటినీ వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. రెండున్నప్పుడు రెండూ ఒకేసారి మార్చండి, ఒకే కంపెనీవి, ఒకే తేదీవి. ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా తనతో పాటు తీసుకుపోతుంది.

7 ఏహెచ్ ఉంది కదా, ఎందుకు గంటల తరబడి రాదని చాలామంది అడుగుతారు. ఆ 7 అన్నది 20 గంటల లెక్క. 0.35 ఆంపియర్ల చొప్పున నిదానంగా వాడుకుంటే 20 గంటలు వస్తుందని అర్థం. మీ కంప్యూటరు, మానిటరు కలిపి 120 వాట్లు తీసుకుంటే, మధ్యలో పొయ్యే నష్టం కూడా కలుపుకుని, బ్యాటరీ నుంచి 12 ఆంపియర్లకు పైనే లాగుతుంది. అంత గట్టిగా పిండితే అది పూర్తి 7 ఇవ్వలేదు. కొత్త బ్యాటరీకైనా పది, పదిహేను నిమిషాలే న్యాయం. ఫైలు సేవ్ చేసుకుని కంప్యూటరు మూసుకునేదానికి అది చాలు.

ఇంకా ఎక్కువసేపు కావాలని కారు బ్యాటరీనో ఇన్వర్టరు బ్యాటరీనో వైర్లు లాగి తగిలించేవాళ్లున్నారు. ఆ ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కనున్న అల్యూమినియం రెక్కలు పావుగంట వేడిని తట్టుకునేలా చేసినవి. గంటలు నడిపితే మాడిపోతాయి. లోపలి ఛార్జరు కూడా చిన్నది, పెద్ద బ్యాటరీని నింపేదానికి రోజులు పడుతుంది. కొలతకు సరిపోయే 9 ఏహెచ్ దొరికితే పెట్టుకోవచ్చు, అంతకు మించి పోబాకండి. 9 పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి, వైరు తగిలించే టెర్మినల్ రేకు వెడల్పు. 7 ఏహెచ్‌కు 4.75 మిల్లీమీటర్ల సన్న రేకు ఉండొచ్చు, 9కి ఎక్కువగా 6.35 వెడల్పుది వస్తుంది. మీ వైరు చివరి లగ్గు, అంటే ఆ రేకు మీదికి ఎక్కే తొడుగు, దానికి పట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం తయారీ తేదీ. నెల్లూరులో ఒక అంగట్లో కొన్న బ్యాటరీ నాకు మూడు నెలలు కూడా రాలేదు. తర్వాత చూస్తే అది తయారై రెండేళ్లు దాటింది. బ్యాటరీ వాడకుండా ఉన్నా దానంతటదే ఖాళీ అవుతుంది, ఎండల్లో ఇంకా వేగంగా. ఖాళీగా పడి ఉన్నకొద్దీ లోపలి సీసపు పలకల మీద గట్టి తెల్ల పొర కడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా ఎక్కదు. అందుకని కొనేముందు పెట్టె మీదా బ్యాటరీ మీదా తేదీ చూపించమనండి. ఆరు నెలలలోపుది తీసుకోండి. తేదీ కోడులో ఉంటే అర్థం చెప్పమని అడగండి, అడిగేదానికి మొహమాటపడబాకండి. అక్కడే మీటరు పెట్టించుకోండి, 12.6 కంటే తక్కువ చూపిస్తే వేరేది ఇమ్మనండి. చేతిలో పట్టుకుని కూడా చూడండి. నిఖార్సైన 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోలకు పైనే తూగుతుంది. తేలిగ్గా అనిపిస్తే లోపల సీసం తక్కువన్నమాట. మన పక్క తిరుపతి అమర రాజా వాళ్ల అమరాన్ క్వాంటా, ఎక్సైడ్ లాంటివి సులువుగా దొరుకుతాయి. పేరు ఏదైనా తేదీ కొత్తదై ఉండాలి. బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు తప్పకుండా తీసుకోండి.

విప్పడం

కంప్యూటరు మూసెయ్యండి. యూపీఎస్ బటను నొక్కి ఆపండి. దాని వెనక ఉన్న వైర్లన్నీ తీసి, ఈసారి గోడ ప్లగ్గు కూడా పూర్తిగా పీకెయ్యండి. స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్లల్లో ఫేజు, న్యూట్రల్ తారుమారైన బోర్డులు లేకపోలేదు. పది నిమిషాలు అలా వదిలెయ్యండి.

ఉంగరాలు, కడియం, ఇనుప గొలుసు వాచీ తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులు షాకు కొట్టదన్నది నిజమే. కానీ రెండు టెర్మినళ్లకు మధ్య ఉంగరం ఆనిందంటే చిన్న బ్యాటరీయే అయినా క్షణంలో ఉంగరం ఎర్రగా కాలుతుంది, వేలు పోతుంది. బల్ల మీద పాత దుప్పటి ఒకటి పరిచి యూపీఎస్‌ను తిరగేసి పెట్టుకోండి.

కొన్నిటికి అడుగున బ్యాటరీకి వేరే తలుపు ఉంటుంది, జరిపితే వచ్చేస్తుంది. ఎక్కువ వాటికి నాలుగు మూలలా లోతైన గుంటల్లో స్క్రూలుంటాయి. పొట్టి స్క్రూడ్రైవరు అందదు. అన్నీ తీసినా మూత రాకపోతే బలం పెట్టబాకండి. రబ్బరు కాళ్ల కిందో, స్టిక్కరు కిందో ఇంకొకటి దాగి ఉంటుంది. మూతను నిదానంగా ఎత్తండి, ముందు బటనుకూ లైట్లకూ పొయ్యే సన్న వైర్లు దానికే అతుక్కుని ఉండొచ్చు.

లోపల మూడు కనిపిస్తాయి. రాగి తీగ చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మరు, ఆకుపచ్చ బోర్డు, బ్యాటరీ. బోర్డు మీద చెయ్యి పెట్టబాకండి. ప్లగ్గు పీకినా అక్కడి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

ఇప్పుడు ఫోటో తియ్యండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, టెర్మినళ్లకు దగ్గరగా ఒకటి. ఏ వైరు ఏ గుర్తు దగ్గర ఉందో ఫోటోలో తెలియాలి. ఎర్ర వైరు ప్లస్, నల్ల వైరు మైనస్ అని అందరికీ తెలుసు కదా, ఫోటో ఎందుకని మీకనిపించొచ్చు. జువ్వలదిన్నెలో మా మేనత్త కొడుకుకు రొయ్యల మేత అంగడి ఉంది. ఒకరోజు ఫోను చేసి, "బావా, రెండూ నల్ల వైర్లే. ఏది ఎక్కడిదో చూడకుండా పీకేశాను, కొత్తది తగిలించగానే టప్‌మని పొగొచ్చింది" అన్నాడు. అంతకుముందు ఎవరో వైర్లు చాలక ఒకే రంగువి అతికి పెట్టారు. తిరగేసి తగిలిస్తే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగాలేకపోతే బోర్డు మీద స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్లు కూడా పోతాయి. వాడికి రెండూ పోయాయి. అందుకే రంగును నమ్మబాకండి, ఆ వైరు ఏ గుర్తు దగ్గర నుంచి వచ్చిందో దాన్ని నమ్మండి. రెండు బ్యాటరీలున్నప్పుడు మధ్యలో వాటిని కలిపే వైరు కూడా ఫోటోలో పడాలి, కొన్నిట్లో ఆ వైరు మీదే ఫ్యూజు ఉంటుంది.

మైనస్ వైపు లగ్గు ముందు తియ్యండి. ఈ చిన్న పెట్టెలో ఏది ముందు తీసినా సర్క్యూటు తెగుతుంది. కానీ మైనస్ ముందు తీసే అలవాటు ఉంటే రేపు కారు దగ్గరైనా ఇన్వర్టరు దగ్గరైనా అది మిమ్మల్ని కాపాడుతుంది. వైరు పట్టి లాగబాకండి. నోస్ ప్లేయరుతో లగ్గునే పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదిలిస్తూ పైకి తియ్యండి. బిగుసుకుపోయి ఉంటే ఓపిక పట్టండి. తీసిన లగ్గుకు ఇన్సులేషన్ టేపు చుట్టి, తర్వాత ప్లస్ తియ్యండి. బ్యాటరీ వేరైపోయాక యూపీఎస్ ముందున్న బటను పది సెకండ్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలింది చాలావరకు దిగిపోతుంది. అయినా బోర్డు జోలికి పోబాకండి.

బ్యాటరీ పొట్ట ఉబ్బి ఇరుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవరుతో కుళ్లగించబాకండి. పగిలితే యాసిడ్ బయటికొస్తుంది. దాని చుట్టూ ఉన్న పట్టీ స్క్రూలు తీసి చోటు చేసుకోండి. టెర్మినళ్ల దగ్గర తెల్ల పొడి గానీ తడి గానీ కనిపిస్తే చేతులకు గ్లౌజులు, అవి లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. వంటసోడా నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, పెట్టె అడుగును తుడవండి. బోర్డు మీద నీళ్లు పడనీయబాకండి. ఒంటి మీద పడితే ఎక్కువ నీళ్లతో కడుక్కోండి, కంట్లో పడితే కడుగుతా కడుగుతానే ఆస్పత్రికి పోండి.

కొత్తది పెట్టడం

తగిలించే ముందు వైరు లగ్గులను చూడండి. సముద్రం పక్కనున్న ఊళ్లల్లో, తుమ్మలపెంట, మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల, ఉప్పుగాలికి అవి ఆకుపచ్చగా చిలుము పడతాయి. సన్న ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. లగ్గు వదులైపోతే ప్లేయరుతో కొద్దిగా నొక్కండి. వదులు లగ్గు దగ్గర వేడి పుట్టి, వైరు కరుగుతుంది, బ్యాకప్ కూడా రాదు. కొత్త బ్యాటరీ పెట్టినా ఏం మారలేదని నా దగ్గరకు తెచ్చిన రెండు మూడు పెట్టెల్లో లోపం ఇదే.

పాతది ఏ వైపు తిరిగి ఉందో కొత్తదాన్నీ అదే వైపు కూర్చోబెట్టండి. ప్లస్ ముందు, మైనస్ చివర. చివరిది తగిలేటప్పుడు చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది, కెపాసిటర్లు నిండుతున్నాయన్నమాట, భయపడబాకండి. లగ్గును టెర్మినల్ అడుగుదాకా నెట్టండి. వేలితో కదిపితే కదలకూడదు. తగిలించాక టెర్మినళ్ల మీద చిటికెడు వాజిలీన్ పూస్తే ఉప్పుగాలి పట్టదు. ఫోటోతో ఒకసారి సరిచూసుకున్నాకే మూత వెయ్యండి. మూత వేసేటప్పుడు వైరు ఏదీ అంచున నలగకుండా చూసుకోండి.

ఇప్పుడు కంప్యూటరు తగిలించకుండా యూపీఎస్ ఒక్కదానికే కరెంటు ఇవ్వండి. కొన్ని పెట్టెలు కొత్త బ్యాటరీ పెట్టినా ఒకసారి కరెంటు చూపిస్తే తప్ప మేల్కోవు, అది రిపేరు కాదు. ఎనిమిది నుంచి పది గంటలు ఛార్జి కానివ్వండి. ఆ తర్వాత మొదట చెప్పిన బల్బు పరీక్షే మళ్లీ చెయ్యండి. ఎన్ని నిమిషాలొచ్చిందో ఒక కాగితం మీద రాసి, బ్యాటరీ మార్చిన నెల, ఏడాదితో సహా యూపీఎస్ పక్కన అతికించండి. పది గంటలు ఛార్జి చేసినా నిలబడకపోతే లగ్గులు చూడండి. అవి బాగుంటే ఛార్జరు పనిచెయ్యడం లేదు. అలాగే కొత్త బ్యాటరీ ఏడాది తిరక్కుండానే ఉబ్బిందంటే ఛార్జరు మోతాదుకు మించి ఎక్కిస్తోంది. ఆ రెండూ మెకానిక్ పని.

పాత బ్యాటరీని కొన్న అంగట్లోనే ఇచ్చెయ్యండి, బిల్లులో కొంత తగ్గిస్తారు కూడా. 2001 నుంచి ఉన్న నిబంధనల స్థానంలో వచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలు తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్లదే. పాత సామాన్ల బండికి వేస్తే ఏమవుతుందంటే, ఎక్కడో కాలవ గట్టున దాన్ని పగలగొట్టి, యాసిడ్ పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ మట్టి అక్కడ ఆడుకునే పిల్లల మెదడుకు దెబ్బ. వంద రూపాయలు ఎక్కువొచ్చినా వాళ్లకు ఇవ్వబాకండి. తీసుకుపొయ్యేటప్పుడు రెండు టెర్మినళ్ల మీదా టేపు అంటించి తీసుకుపోండి.

కొత్త బ్యాటరీ పెట్టిన పెట్టెను గోడకు జానెడు దూరంలో, కంప్యూటరు వేడి గాలి తగలని చోట పెట్టండి. లేజర్ ప్రింటరును, జిరాక్స్ మిషన్ను దానికి తగిలించబాకండి, అవి వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. ఎండాకాలం సెలవులకు అంగడి మూసేసి ఊరికి పొయ్యేటట్టయితే, ముందు రోజు నిండా ఛార్జి చేసి, బటను ఆపి, ప్లగ్గు తీసి పోండి. వచ్చేదానికి రెండు నెలలు పట్టేటట్టుంటే, మధ్యలో ఒక రాత్రి ఛార్జింగు పెట్టమని తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకు చెప్పిపోండి.